కృత్రిమ శ్వాస, మందుకు లొంగని సూక్ష్మజీవి

అరకు కొండల్లో నేలపై నిద్రించేవారిని రాత్రివేళ కట్లపాము కాటు వేస్తుంది. నొప్పి అంతగా ఉండదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, ఆపై శ్వాస కండరాలు చచ్చుబడతాయి. గూడెం నుంచి డోలీలో, అనంతగిరి ఘాట్ మీదుగా అంబులెన్సులో విశాఖ చేరిన రోగిని వెంటిలేటర్ నిలబెడుతుంది. అతని ఊపిరితిత్తులకు ఏ జబ్బూ లేదని గమనించండి. విషం కొద్ది రోజుల్లో విరుగుతుంది. ప్రమాదం ఆ కొద్ది రోజుల్లోనే పొంచి ఉంటుంది.

ఈ చికిత్స పుట్టిందే అటువంటి రోగుల కోసం. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో ప్రబలినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు కంఠంలో గొట్టం అమర్పించి, వైద్య విద్యార్థుల చేత రాత్రింబవళ్లు గాలిసంచి నొక్కించాడు. అప్పటికి యాంటీబయాటిక్స్ కొత్తవి. 1948లో వెలువడిన ఆరియోమైసిన్, మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది.

గొట్టం ఊపిరి పోస్తుంది, కానీ దగ్గును అడ్డుకుంటుంది. నోటిలోని స్రావాలు దాని చుట్టూ మెల్లగా కిందికి జారుతాయి. గొట్టం లోపలి గోడపై సూక్ష్మజీవులు జిగట పొరగా స్థిరపడతాయి. 48 గంటలు దాటాక వచ్చే న్యుమోనియాకు మూలం ఇదే. ఎసినెటోబాక్టర్ అయితే పొడి మంచపు కమ్మీపై కూడా రోజుల తరబడి బ్రతుకుతుంది, చేతుల ద్వారా పక్క పడకకు చేరుతుంది. కార్బపెనెమ్ మందులూ పనిచేయనప్పుడు, మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఒకనాడు పక్కన పెట్టిన కొలిస్టిన్‌నే మళ్లీ ఆశ్రయించవలసి వచ్చింది. ఆ ఆఖరి ఆయుధాన్ని మనం కోళ్ల దాణాలో కలిపాము! కేంద్ర ప్రభుత్వం దానిని నిషేధించినది 2019 జూలైలో.

పటాన్‌చెరు సంగతి ఇంకా విచిత్రం. అక్కడి ఔషధ పరిశ్రమల వ్యర్థజలంలో, అదీ శుద్ధి చేసిన తరువాత, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో ప్రచురితమైంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ కాలువే విశాఖ పడకను తాకిందని నేననను. మొండి జీవులు పెరిగే నేల అటువంటిదని మాత్రం అంటాను.

మీ వారు వెంటిలేటర్‌పై ఉంటే అడగండి: తలవైపు ఎత్తుగా ఉంచారా? నోరు శుభ్రం చేస్తున్నారా? మత్తు తగ్గించి, గొట్టం తీయవచ్చునేమో ఈ రోజు చూశారా? తాకే ముందు ప్రతివారూ చేతులు శుభ్రపరచుకోవాలి, మీరు కూడా. కువి, ఆదివాసీ ఒడియా మాత్రమే మాట్లాడే బంధువులు ఈ ప్రశ్నలు తెలుగులో అడగలేక గుమ్మం బయట కూర్చుంటారు. పక్కన మీరుంటే వారి తరఫున కూడా అడగండి.