రంగూన్ అంగళ్లు: ఫర్నివాల్ చూసినవి, చూడనివి

ఆంగ్లేయుల కాగితాల్లో కెమ్మెండైన్ అని కనిపించే పేట నేటి చిమిండైంగ్. హ్లైంగ్ నది ఒడ్డున, రంగూన్‌కు పడమటి అంచున ఉంది. ఇక్కడి రాత్రి సంతలో నిలబడితే జె. ఎస్. ఫర్నివాల్ గుర్తుకు రాక మానరు.

ఆయన 1902లో ఐ.సి.ఎస్. అధికారిగా బర్మా వచ్చారు. 1948లో వెలువడిన 'కలోనియల్ పాలసీ అండ్ ప్రాక్టీస్'లో ఆయన వాదన ఇది: బర్మీయులు, భారతీయులు, చీనీయులు, ఐరోపావారు ఒకే పాలన కింద పక్కపక్కన బతికారు గాని కలిసి బతకలేదు, వారు ఎదురుపడింది అమ్మకాలూ కొనుగోళ్ల దగ్గరే. (ఈ మాట అన్న మనిషే రంగూన్‌లో 'బర్మా బుక్ క్లబ్' స్థాపించి పుస్తకాలు అమ్మించారు!)

ఆ సంగతి తెలుగువారికి అనుభవం మీద తెలుసు. కోరంగి రేవు పేరున 'కోరంగీలు' అనిపించుకున్న మన కూలీలు 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలి పెంచమని సమ్మె కట్టారు. యాజమాన్యాలు బర్మీయులను పనిలో పెట్టుకుని, సమ్మె తీరగానే వారిని పొమ్మన్నాయి. అక్కడ రగిలిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు.

ఫర్నివాల్ 1960లో కన్నుమూశారు. అసలు పరీక్షను ఆయన చూడలేదు. 1964 మార్చిలో నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసి 'ప్రజా దుకాణాలు'గా మార్చింది. మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లకుండా పోయాయి. భారతీయులు లక్షల్లో ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు, మద్రాసులో బర్మా బజారు అలా వెలసినవే. ఎదురుపడే ఒక్క చోటునూ రాజ్యమే మూసేసింది.

మూడు దశాబ్దాల తరువాత, 1996లో, విన్ విన్ టింట్ సిటీ మార్ట్ సూపర్ మార్కెట్ తెరిచారు. నేడది ఒక కుటుంబం చేతిలోని హోల్డింగ్ కంపెనీ. ఓషన్ అనే భారీ దుకాణాలు, సిటీ ఎక్స్‌ప్రెస్ చిల్లర కొట్లు, సీజన్స్ బేకరీలు, సిటీ కేర్ మందుల షాపులు దాని కిందివే. ఒక కుటుంబం గుప్పిట ఇన్ని అంగళ్లా అని పెదవి విరిచేవారున్నారు. ఆ శంకను నేను కొట్టిపారేయను. కానీ దుకాణం తాళంచెవులు లాక్కున్న రోజు పెద్దవారికి ఇంకా గుర్తున్న ఊరిలో, సంపాదనను మళ్లీ దుకాణాల్లోనే పెట్టడానికి గుండె కావాలి. బయటి వాటాదారుకు లేని ఓపిక కుటుంబానికి ఉంటుందేమో.

నన్ను తొలిచేది వేరు. సూపర్ మార్కెట్‌లో సరుకు మీదే ధర చీటీ ఉంటుంది. కొనేవాడు నోరు విప్పనక్కరలేదు. అక్కడ ఎదురుపడటం కూడా మిగలదు. చిమిండైంగ్ సంతలో ఇంకా ధర అడగాలి, బేరమాడాలి. నాకొచ్చిన నాలుగు బర్మీస్ అంకెలూ అక్కడి అరటిపండ్ల గంపల దగ్గర నేర్చుకున్నవే.