పట్టాల వెంట మొదలై ఉపగ్రహాల దాకా
బేగంపేటలో పుట్టిన సరదా విమానయానం, సైబరాబాద్‌లో పెరిగిన సాంకేతికత

హైదరాబాద్ పటం తీసి చూడండి. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. స్కేలు పెట్టి ఆ గీతను పడమటికి పొడిగిస్తే, ఏడెనిమిది కిలోమీటర్లకల్లా హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ దరిదాపులకు చేరుతుంది. 3 డిగ్రీల వాలున దిగే విమానం అక్కడికి వచ్చేసరికి రన్‌వే మట్టానికి సుమారు 400 మీటర్ల పైన ఉంటుంది. మన ఊళ్లో చిన్న విమానాల చరిత్రంతా ఈ గీత రెండు కొసల మధ్యే ఉంది.

క్లబ్బు రోజులు

1930లలో నిజాం ఏలుబడిలో హైదరాబాద్ ఏరో క్లబ్ ఏర్పడింది. బేగంపేట విమానాశ్రయం పుట్టింది దానితోనే. 1937లో టెర్మినల్ భవనం లేచింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. ఆడపిల్ల విమానం నడపడమేమిటని మిగతా సంస్థలు కాదన్న ప్రేమ్ మాథుర్‌కు 1947లో ఉద్యోగమిచ్చింది ఈ సంస్థే. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా ఆమె పేరు నిలిచింది. 1953లో విమాన సంస్థల జాతీయీకరణతో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఆ కాలపు చిన్న విమానంలో దారి తెలుసుకోవడానికి ఉన్నవి పటం, దిక్సూచి, గడియారం. ఇంత వేగంతో ఇన్ని నిమిషాలు పోతే ఫలానా ఊరు రావాలని లెక్క కట్టేవారు. గాలి పక్కకు నెడితే ఆ లెక్క తప్పేది. అందుకే నేల మీది గుర్తులు చూసుకుంటూ పోయేవారు. చెరువులు, కోటలు, అన్నిటికన్నా నమ్మకంగా రైలు పట్టాలు. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్‌కు 1874లో వేసిన లైను బేగంపేట పక్కనుంచే పడమటికి సాగుతుంది. నేటి హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ ఉన్నదీ ఆ లైను మీదే.

సూది చూపిన దారి

మబ్బు కమ్మితే పట్టాలు కనబడవు. ఆ కష్టం తీర్చింది రేడియో. నేల మీది బీకన్ పంపే తరంగాలను పట్టుకుని విమానంలోని సూది ఆ వైపే తిరిగేది. తర్వాత వచ్చిన వీఓఆర్ అనే రేడియో కేంద్రం, తనకు మనం ఏ దిక్కున ఉన్నామో డిగ్రీల్లో చెప్పింది. రెండు వీఓఆర్‌ల గీతలు పటం మీద ఎక్కడ కలిస్తే అక్కడే విమానం. బేగంపేట, నాదర్‌గుల్‌లలో సెస్నా విమానాల మీద శిక్షణ పొందిన ఎన్నో బ్యాచ్‌లకు మొదటి పాఠాలివి.

ఇక అమెరికా సైన్యం కోసం పుట్టిన జీపీఎస్. 1983లో దారి తప్పిన కొరియన్ ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చేశాక, పౌరులకూ దాన్ని అందిస్తామని అమెరికా ప్రకటించింది. పౌర సంకేతంలో కావాలని ఉంచిన దోషాన్ని 2000 మే నెలలో తీసేసింది. అంతకు రెండేళ్ల ముందే, 1998లో, గార్మిన్ కంపెనీ రేడియోను, వీఓఆర్‌ను, జీపీఎస్‌ను, కదిలే పటాన్ని ఒకే పెట్టెలో అమర్చిన జీఎన్ఎస్ 430ని తెచ్చింది. సొంత విమానమున్న ఔత్సాహికుల ప్రపంచం దానితో మారిపోయింది. అదే ఏడాది నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు.

పడమటి కొస

ఆ తర్వాత మాదాపూర్ గుట్టల మధ్య పెరిగిన కార్యాలయాల్లో విమానాల పనీ చేరింది. 1991లో మొదలైన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, అంటే ఇప్పటి సయంట్, కాగితపు పటాలను డిజిటల్ పటాలుగా మార్చే పనితో ఎదిగి, తర్వాత విమాన ఇంజిన్ల డిజైన్‌లోకి అడుగుపెట్టింది. కాక్‌పిట్ ఎలక్ట్రానిక్స్‌లో పేరున్న హనీవెల్, కాలిన్స్ ఏరోస్పేస్ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలు పెట్టాయి. చిన్న విమానాల్లో తరచుగా కనబడే బెండిక్స్‌కింగ్ రేడియోలు హనీవెల్‌వే.

మన దేశానికి సొంతంగా ‘గగన్’ కూడా ఉంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన వ్యవస్థ ఇది. దేశంలోని 15 కేంద్రాలు జీపీఎస్ సంకేతాల్లో తప్పు ఎంతో నిరంతరం లెక్కిస్తాయి. ఆ సవరణ జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానానికి అందుతుంది. వాతావరణపు పై పొర అయనోస్ఫియర్ మన అక్షాంశాల్లో చంచలం కాబట్టి ఈ సవరణ తేలిక కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన విభాగం పనిచేసిందీ ఈ చిక్కు మీదే. 2015 జులైలో గగన్‌ను ప్రారంభించింది మన విజయనగరం వారైన అప్పటి పౌర విమానయాన మంత్రి అశోక్ గజపతి రాజు. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం ఒకటి దీని సాయంతో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దిగింది. రన్‌వే పక్కన దిగే దారి చూపే ఖరీదైన ఐఎల్ఎస్ యంత్రాలు లేకపోయినా కచ్చితంగా దిగవచ్చని తేలింది.

ఎగిరే చోటేది?

ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండి, 40 గంటలు ఎగిరి ఉండాలి. పరీక్షలు, వైద్య ధ్రువపత్రం, రేడియో లైసెన్సు సరేసరి. ఇవన్నీ ఉన్నా ఆదివారం ఉదయం సరదాగా ఎగరడానికి నగరం పైన ఖాళీ తక్కువ. దుండిగల్, హకీంపేట వాయుసేనవి. శంషాబాద్‌లో ఎయిర్‌లైన్ల రద్దీ. 2008 మార్చిలో షెడ్యూల్డ్ సర్వీసులు వెళ్లిపోయాక, బేగంపేట జనానికి ఎక్కువగా గుర్తొచ్చేది వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనలప్పుడే.

క్లబ్బు నాడు ఆకాశం ఉంది, సాధనాలు లేవు. నేడు సాధనాలు తయారుచేసే ఇంజినీర్లే మన మధ్య ఉన్నారు, ఆకాశమే ఇరుకైంది. వరంగల్ మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయాన్ని తిరిగి తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతిచ్చింది. అక్కడ ఎయిర్‌లైన్లతో పాటు ఒక ఫ్లయింగ్ క్లబ్బుకూ హ్యాంగర్ కేటాయించాలి, గగన్ ఆధారిత ల్యాండింగ్ పద్ధతిని మొదటి రోజు నుంచే అమలుచేయాలి. తొంభై ఏళ్ల కిందట బేగంపేటకు దక్కిన అవకాశం మామునూరుకూ దక్కాలి.