చూచుటకు పట్టెడు కాలము

"కన్నులార చూచితిని, చెవులార వింటిని" అని యొకడు పలికినచో ఇక వాదమునకు తావు లేదని మనము తలంతుము. ప్రత్యక్షమునకు వేరొక ప్రమాణమేల యని పెద్దలు నందురు. అట్టి ప్రత్యక్షమును నమ్మి యొక పండితుడు తన సహాయకుని కొలువునుండి తొలగించిన వృత్తాంతమును నేడు మీకు వినిపింపదలచితిని. మన యింద్రియములు పనిచేయు తీరును గూర్చి లోకము నేర్చుకొనిన యొక గొప్ప పాఠమునకు ఆ చిన్న సంఘటనయే మూలమైనది.

లండను నగరమునకు చేరువనున్న గ్రీనిచ్‌లో 1675వ సంవత్సరమున ఒక రాజవేధశాల స్థాపింపబడెను. పదునెనిమిదవ శతాబ్ది చివర దానికి నెవిల్ మాస్కెలిన్ అధిపతిగా నుండెను. 1794లో డేవిడ్ కిన్నెబ్రూక్ అను యువకుడు ఆయనకు సహాయకుడుగా చేరెను. నక్షత్రములు ఆకాశ మధ్యరేఖను దాటు క్షణమును గుర్తించుట వారి నిత్యకృత్యము.

ఆ పని వినుటకు సులభము, చేయుటకు కష్టము. దూరదర్శినిలో సన్నని తీగెలు నిలువుగా అమర్చబడి యుండును. నక్షత్రము వానిని దాటుచు మెల్లగా సాగిపోవును. ప్రక్కన గడియారము సెకండునకొక చప్పుడు చేయుచుండును. పరిశీలకుడు చెవితో ఆ చప్పుళ్లను లెక్కించుచు, కంటితో నక్షత్రమును చూచుచుండవలెను. తీగెకు ముందు చప్పుడైనపుడు నక్షత్ర మెచట నుండెనో, తరువాతి చప్పుడునకు ఎచటికి చేరెనో మనస్సున నిలుపుకొని, ఆ రెండు దూరములను పోల్చి, సెకండులో పదియవ వంతు వరకు కాలమును నిర్ణయింపవలెను.

మొదట ఇరువురి లెక్కలును సరిపోయెను. 1795 ఆగస్టు మొదలుకొని కిన్నెబ్రూక్ లెక్కలు అధిపతి లెక్కల కంటె అర సెకండు ఆలస్యముగా కానవచ్చెను. హెచ్చరించినను ఫలము లేకపోయెను. 1796 జనవరి నాటికి ఆ భేదము సెకండులో పదియింట ఎనిమిది వంతులకు పెరిగెను. ఇది స్వల్పమని మీరు తలంపవచ్చును. కాని అంతలో భూమధ్యరేఖ యొద్ద నేల సుమారు 370 మీటర్లు తిరిగిపోవును. నావికుల దారులు ఈ లెక్కలపై నాధారపడి యుండెను. సహాయకుడు సరియైన పద్ధతిని విడిచి తనదైన క్రమములేని పద్ధతిలో పడెనని మాస్కెలిన్ నిశ్చయించి, అయిష్టముతోనే యైనను అతనిని తొలగించెను. కిన్నెబ్రూక్ 1802లో చనిపోయెను. తన తప్పేమో అతనికి తెలిపినవారు లేరు.

ఇరువది సంవత్సరములు గడచెను. 1816లో జర్మను భాషలో వెలువడిన గ్రీనిచ్ చరిత్రలో ఈ సంగతి బెస్సెల్ కంటబడెను. ఆయన కోనిగ్స్‌బెర్గ్ వేధశాలాధిపతి. హెచ్చరిక పొందిన మనుష్యుడు బుద్ధిపూర్వకముగా ప్రయత్నించియు ఏల దిద్దుకొనలేకపోయెనని ఆయన ఆలోచించెను. 1820 ప్రాంతమున తానును, వాల్‌బెక్ అను మరియొక ఖగోళవేత్తయు నవే నక్షత్రములను పరిశీలించి లెక్కలు పోల్చిరి. ఇరువురును ఆరితేరినవారే. ఐనను సగటున ఒక సెకండునకు మించి భేదము వచ్చెను! ఇటువంటి భేదమునకు తరువాత "వ్యక్తి సమీకరణము" అను పేరు వచ్చినది.

ఇచట నొక్క క్షణము ఆగుదము. గ్రీనిచ్‌లో తప్పెవరిది? మాస్కెలిన్ తన కన్నును, తన చెవిని కొలబద్దగా నుంచుకొని సహాయకుని కొలిచెను. ఆ కొలబద్దను కొలిచినవారెవరు? ఇరువురి నడుమ భేదము కలదని మాత్రమే లెక్కలు తెలుపును. ఎవరు సత్యమునకు చేరువనుండిరో తెలుపజాలవు. బెస్సెల్ గొప్పతన మంతయు తన్ను కూడ పరీక్షకు నిలుపుకొనుటలో నున్నది.

అదే కోనిగ్స్‌బెర్గ్ నగరమున 1850లో హెల్మ్‌హోల్ట్స్ మరియొక ఆశ్చర్యమును వెల్లడించెను. నాడిలో వార్త నడచు వేగమును కొలువ శక్యము కాదని ఆయన గురువైన ముల్లర్ తలచియుండెను. శిష్యుడు కప్ప నాడిపై ప్రయోగము చేసి, ఆ వేగము సెకండునకు సుమారు 27 మీటర్లేయని చూపెను. మనకు తగిలిన స్పర్శయు, పడిన వెలుతురును తక్షణమే తెలియవు. వార్త దారిలో ప్రయాణము చేయును. కంటిలో వెలుగు నాడీసందేశముగా మారుటకు చెవిలో ధ్వని మారుటకంటె నెక్కువ కాలము పట్టును. కనుకనే మనుష్యుడు సాధారణముగా వెలుతురునకంటె చప్పుడునకు త్వరగా కదలును.

దీనిని మీ యింటనే పరీక్షింపవచ్చును. ఒకరు కొలబద్దను నిలువుగా పట్టుకొని చెప్పకుండ వదలవలెను. మీరు దాని అడుగున వ్రేళ్లు తెరచియుంచి పట్టుకొనవలెను. మా తమ్ముని కుమారునితో నేనిట్లు చేసితిని. వానికి 17 సెంటీమీటర్లు జారినది, నాకు 22. "పెదనాన్నగారూ, నిద్రపోవుచున్నారా?" అని వాడు నవ్వెను. నేను కన్నార్పక చూచుచునే యుంటిని! 20 సెంటీమీటర్లు పడుటకు సెకండులో అయిదవ వంతు పట్టును. చూచుటకును చేయుటకును మధ్య నున్న సందు అంతటిది.

ఐనను నాడుల ఆలస్య మొక్కటియే కిన్నెబ్రూక్ కథను విప్పజాలదు. సెకండులో ఎనిమిది పదవ వంతులు అంతకు మిక్కిలి పెద్దవి. 1879లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పిన వుంట్, అవధానమును కారణముగా చూపెను. కంటి వార్తను, చెవి వార్తను మనస్సు ఒక్కమారే అందుకొనజాలదు. దేనిపై అవధానము ముందు నిలుచునో అదియే ముందు జరిగినట్లు తోచును. ఈ మాట మన తార్కికులకు వింత కాదు. రెండు జ్ఞానములు ఒక్కమారు పుట్టకుండుటయే మనస్సునకు గుర్తని న్యాయసూత్రములు చెప్పుచున్నవి. నూరు తామరరేకులను సూదితో గ్రుచ్చినపుడు అన్నియు ఒక్కసారి తెగినట్లు తోచినను, ఒకదాని వెంట నొకటియే తెగునని వారి దృష్టాంతము. వారు తర్కముచే చెప్పినదానిని వీరు గడియారముతో కొలిచిరి.

కనుక ఇంద్రియములు లోకమును ఉన్నదున్నట్లు చూపు కిటికీలు కావు. అవి తెచ్చిన వార్తలను మనస్సు కూర్చుకొని తీర్పు చెప్పును. ఆ తీర్పు మనిషి మనిషికి వేరుగా నుండును. న్యాయస్థానమున ఇరువురు సాక్షులు ఒకే సంఘటనను వేరు వేరుగా చెప్పినపుడు, ఇంట అన్నదమ్ములు "నీవే ముందన్నావు" అని తగవులాడినపుడు, వారిలో నొకడు అబద్ధమాడుచున్నాడని వెంటనే నిశ్చయింపకుందము. ఇరువురును నిజమే పలుకుచుండవచ్చును. ఈ విచారణ గ్రీనిచ్‌లో 1796లో జరిగియున్నచో ఒక యువకుని కొలువు నిలిచియుండెడిది. సెలవు.