ఎలుకల మందే ఏలినవారికీ!

ఎలుకను చంపే మందే మనిషికి ప్రాణం నిలుపుతుందంటే వింతగా లేదూ!

1920లలో ఉత్తర అమెరికా పల్లెల్లో పశువులకు ఓ జబ్బు పట్టుకుంది. చిన్న గాయమైతే చాలు, నెత్తురు ఆగక చచ్చిపోయేవి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేయడమే కారణమని పశువైద్యులు పోల్చుకున్నారు. మరి ఆ గడ్డిలో ఏముంది?

1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన చచ్చిన పెయ్యనూ, పాలక్యాన్ నిండా గడ్డకట్టని నెత్తురునూ బండిలో వేసుకుని, మంచు తుఫానులో విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడి రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ పాల్ లింక్ బృందం ఆరేళ్లు తంటాలు పడి, 1939లో అసలు దొంగను పట్టుకుంది. దాని చెల్లెలి వంటిదే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అంగట్లోకొచ్చింది. 1954లో మనుషుల మందయింది. మరుసటేడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కీ అదే ఇచ్చారు!

గుండె లయ తప్పి పైగదులు వణుకుతుంటే, అక్కడ నెత్తురు నిలవుండి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరిందా, పక్షవాతమే. వార్ఫరిన్ ఆ ముప్పును మూడింట రెండు వంతులు తగ్గిస్తుందని 1990 ప్రాంతపు పరిశోధనలు తేల్చాయి.

2010 నుంచి తరచూ రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మందులూ వచ్చాయి. వార్ఫరిన్‌కు మాత్రం పరీక్ష తప్పదు. మోతాదు తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆకుకూరల్లోని విటమిన్ కె దాని బలం తగ్గిస్తుంది. అలాగని అత్తగారికి పాలకూర మాన్పించనక్కర్లేదు. ఒకవారం రోజూ, మరోవారం బొత్తిగా లేకుండా కాక, ఒకే తీరున వండిపెడితే చాలు. డాక్టరును అడక్కుండా మాత్ర మానడం, రెట్టింపు వేయడం కూడదు.

పెయ్యను చంపిందీ, పెద్దవాళ్లను కాచేదీ ఒక్క గుణమే. తేడా అంతా కొలతలోనే ఉంది.