టాప్-టూ ప్రైమరీ - మన 1955 మోడల్

కాలిఫోర్నియాలో గవర్నర్ ఎన్నిక వచ్చిందంటే బే ఏరియా మిత్రులకి ఒకటే హడావుడి (చాలామందికి అక్కడ ఓటు లేదు, అయినా చర్చకి తక్కువేం లేదు). 2018 ప్రైమరీలో గవర్నర్ పదవికి ఏకంగా 27 మంది నిలబడ్డారు. అక్కడి పద్ధతి ఏమిటంటే, అన్ని పార్టీలవాళ్ళూ ఒకే ప్రైమరీలో పోటీ చేస్తారు. మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్ళే నవంబరులో తలపడతారు, ఇద్దరిదీ ఒకే పార్టీ అయినా సరే. దీన్నే టాప్-టూ అంటారు. 2010లో జనమే ఓటేసి తెచ్చుకున్నారు.

ఈ గోల విన్నప్పుడల్లా నాకు మన 1955 ఎన్నికలు గుర్తొస్తాయి. గుంటూరు, ఒంగోలు వైపు పెద్దవాళ్ళని కదిపితే "55 ఎలక్షన్లు" అని ఇప్పటికీ మొదలుపెడతారు. ఎందుకో తెలియాలంటే ముందు 1952 చూడాలి.

అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవి పోటీలో 1951లో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయిన ఎన్.జి. రంగా గారు (మన నిడుబ్రోలు ఆయనే) బయటికొచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. ఒంగోలులో పెరిగిన టంగుటూరి ప్రకాశం గారు కూడా కాంగ్రెస్ వదిలి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో ఉన్నారు. అంటే నిన్నటిదాకా ఒకే గొడుగు కింద ఉన్నవాళ్ళు మూడు ముక్కలు. ఎదురుగా కమ్యూనిస్టులు.

ఒక నియోజకవర్గంలో వంద ఓట్లున్నాయి అనుకోండి. 34, 30, 20, 16గా చీలాయి. 34 వచ్చినవాడు గెలిచాడు. మిగతా 66 మందికి ఆయన ఇష్టమా కాదా అని మన సిస్టమ్ అడగదు. ఆంధ్ర ప్రాంతంలోని 140 సీట్లలో కమ్యూనిస్టులకి 41, కాంగ్రెస్‌కి 40 వచ్చాయి. కమ్యూనిస్టుల ఓట్లు సుమారు 22 శాతమే. సంజీవరెడ్డి అనంతపురంలో, ప్రకాశం గారు మద్రాసులో ఓడిపోయారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కాంగ్రెస్ మద్దతుతో ప్రకాశం గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మళ్ళీ ఎన్నికలు.

ఈసారి కాంగ్రెస్, రంగా గారి పార్టీ, ప్రకాశం గారి ప్రజా పార్టీ కలిసి ఒక ఫ్రంట్ కట్టాయి. సీట్లు ముందే పంచుకున్నాయి. ఫలితం: 196లో ఫ్రంట్‌కి 146. కమ్యూనిస్టుల ఓట్లు 31 శాతానికి పెరిగాయి, సీట్లు మాత్రం 15కి పడిపోయాయి! ఓట్లు పెరిగి సీట్లు పోవడం అంటే ఇదే. ఎస్.కె. పాటిల్ వచ్చి నడిపిన ప్రచారం, సరిగ్గా ఆ సమయంలోనే నెహ్రూని మెచ్చుకుంటూ రష్యా పత్రిక ప్రావ్దా రాసిన సంపాదకీయం.. ఇవీ పనిచేశాయి, కాదనను. కానీ అసలు లెక్క మార్చింది ఆ పంపకమే.

నా పాయింట్ ఇది. ఆ పంపకం కూడా ఒక ప్రైమరీయే. కాకపోతే అందులో ఓటు వేసింది నాయకులు. నల్లరేగడిలో పత్తి, మిరప వేసుకునే రైతుకి అందులో ఓటు లేదు. "ప్రకాశం గారి ఓటరు రెండో ఛాయిస్ కాంగ్రెస్సే" అని నాయకులే అనుకున్నారు. నిజమేనా? 1952 ఎన్నికలయ్యాక అదే ప్రకాశం గారు కమ్యూనిస్టుల మద్దతుతో మద్రాసులో ప్రభుత్వం ఏర్పాటు చేయాలని చూశారు! ఆయన ఓటర్లలో కొందరైనా అటే మొగ్గేవాళ్ళేమో. టాప్-టూ ఉండి ఉంటే ఆ మాట ఓటరే చెప్పేవాడు.

అలాగని టాప్-టూ సర్వరోగ నివారిణి కాదు. 2012లో కాలిఫోర్నియా 31వ కాంగ్రెస్ జిల్లాలో డెమొక్రాట్ ఓటర్లే ఎక్కువ. కానీ నలుగురు డెమొక్రాట్లు నిలబడి ఓట్లు చీల్చుకున్నారు, ఇద్దరు రిపబ్లికన్లు ఫైనల్‌కి వెళ్ళిపోయారు. అంటే మన 1952 బగ్ ఫిక్స్ కాలేదు, ఒక రౌండు ముందుకి జరిగిందంతే. అప్పుడు పార్టీ పెద్దలు ఏం చేయాలి? "నువ్వు తప్పుకో బాబూ" అని బతిమాలుకోవాలి. మళ్ళీ 1955 గదిలోకే వచ్చాం.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో మూడు పార్టీల కూటమికి 175లో 164 సీట్లు. 39 శాతం ఓట్లు తెచ్చుకున్న వైసీపీకి 11. ఎవరు గెలవాల్సింది, ఎవరు ఓడాల్సింది అనేది నా టాపిక్ కాదు. 1955లో 31 శాతం మంది, 2024లో 39 శాతం మంది అసెంబ్లీలో దాదాపు కనపడకుండా పోయారు. ఇప్పుడు గెలిచినవాళ్ళ అభిమానులే రేపు ఆ స్థానంలో ఉండొచ్చు.

ఏ పద్ధతిలోనైనా జనం బరిలోంచి కొందరిని ముందే తీసేసే మెట్టు ఒకటి ఎక్కడో అక్కడ ఉంటుంది. కాలిఫోర్నియాలో అది పోలింగ్ బూత్‌లో జరుగుతుంది, లోపాలతో సహా. మన దగ్గర పొత్తుల చర్చల్లో, బి-ఫారం చేతికిచ్చే దగ్గర జరుగుతుంది. లోపాలున్నా సరే, నాకు బూత్‌లో జరిగేదే నయం అనిపిస్తుంది. అక్కడైతే కనీసం ఎవరు ఎవరిని వద్దనుకున్నారో లెక్క బయటికొస్తుంది.

మీరేమంటారు?