తిమింగల సొరకు రక్షణ తెచ్చిన ఛాయాచిత్రాలు

పేరులో తిమింగలం ఉన్నప్పటికీ తిమింగల సొర తిమింగలం కాదు. మొప్పలతో శ్వాసించే సొరచేప. లోకంలోని చేపలన్నిటిలోనూ ఇదే పెద్దది. ఎదిగినవి పది, పన్నెండు మీటర్ల పొడవుంటాయి. అంతకు మించినవీ కలవు. నోరెంత విశాలమైనా దాని ఆహారం నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు, చేపగుడ్లు, చిరుచేపలు మాత్రమే. మనిషికి హాని చేయదు.

ఇంతటి సాధుజీవిని గుజరాత్‌లోని సౌరాష్ట్ర తీరంలో ఒకప్పుడు వందల సంఖ్యలో వేటాడేవారు. కాలేయం నుండి తీసిన నూనెను కొయ్య పడవలకు నీరు పట్టకుండా పూసేవారు. మాంసం తైవాన్‌కు ఎగుమతి అయ్యేది. గాలపు కొక్కేలకు పీపాలు కట్టి, చేప మునిగిపోకుండా చేసి అలసట పుట్టించేవారు; అందువల్లనే అక్కడి జాలరులు ఆ చేపను కూడా 'బ్యారెల్' అని పిలిచారు. పేరులోనే వేట నిలిచిపోయిందన్నమాట.

చిత్రనిర్మాత మైక్ పాండే ఈ వేటను చిత్రించి 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే లఘుచిత్రం నిర్మించారు. దానికి 2000 సంవత్సరంలో, గ్రీన్ ఆస్కార్‌గా పేరొందిన వైల్డ్‌స్క్రీన్ పాండా బహుమతి లభించింది. 2001 మే నెలలో కేంద్ర ప్రభుత్వం తిమింగల సొరను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. మన దేశంలో ఆ రక్షణ పొందిన మొదటి చేప ఇదే. దానిని వేటాడిన వారికి మూడు నుండి ఏడేళ్ల జైలుశిక్ష పడవచ్చు. నీటి అడుగున తీసిన అందమైన దృశ్యాలు ఎన్నో ఉండవచ్చు గాని, చట్టాన్ని కదిలించినవి ఒడ్డున కోతకు గురైన చేపల దృశ్యాలే అని మా అభిప్రాయం.

అయితే చట్టంతోనే పని తీరలేదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ తదితరులు తీర గ్రామాలలో ప్రచారం ఆరంభించారు. రామకథా ప్రవచనకర్త మొరారి బాపు ఆ చేపను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుతో పోల్చారు. ఆ పోలిక జాలరుల మనసుకు హత్తుకుంది. 'బ్యారెల్' కాస్తా 'వ్హాలీ', అనగా ప్రియమైనది, అయింది.

మిగిలిన చిక్కు వల గురించి. చిక్కిన చేపను వదలాలంటే వేలాది రూపాయల వలను కోయాలి. ప్రభుత్వం నష్టపరిహారం ప్రకటించింది గాని, అధికారి సముద్రం మీదికి వచ్చి చూచేవరకు చేప వలలోనే కొట్టుకునేది. అందుచేత 2012 నుండి పడవలవారికి నీటిలో తడిసినా చెడని కెమెరాలిచ్చి, వల కోసి విడిచిన దృశ్యాన్ని వారినే ఫోటో తీయమన్నారు. ఆ ఫోటోయే సాక్ష్యం. కాలయాపన తగ్గింది, పరిహారానికి ఆధారమూ చిక్కింది.

ఛాయాచిత్రం చేసే మరొక మేలు గుర్తింపు. తిమింగల సొర ఒంటిమీది తెల్లని చుక్కల అమరిక మన వేలిముద్రల వలె ఏ చేపకు ఆ చేపదే. నీటిలో కొన్ని మీటర్ల లోతుకే ఎరుపు రంగు అణగారిపోయి చిత్రమంతా నీలిగా వస్తుంది. అయినను ఈ చుక్కలు స్పష్టంగానే కనబడతాయి. ఆకాశంలోని నక్షత్రాల అమరికలను పోల్చుటకు ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే గణిత పద్ధతిని జావెన్ అర్జుమానియన్, జేసన్ హోమ్‌బర్గ్, బ్రాడ్ నార్మన్ ఈ చుక్కలకు అన్వయించి 2005లో ప్రకటించారు. ఆస్ట్రేలియాలోని నింగలూ తీరంలో తీసిన చిత్రాలు అందుకు ఆధారం. చేపను పట్టకుండా, తాకకుండా లెక్కించే మార్గం ఈ విధంగా ఏర్పడింది. నేడు ఈతకు వెళ్లిన యాత్రికుడు తీసిన ఫోటో సైతం శాస్త్రానికి అక్కరకు వస్తున్నది.

బంగాళాఖాతంలోనూ ఈ చేప కలదు. 2021 డిసెంబరులో నాటి విశాఖపట్నం జిల్లా తంతడి తీరాన వలలో చిక్కిన పెద్ద తిమింగల సొరను అటవీశాఖవారు, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. అది ఏ చేపయో గుర్తించుటకు దాని చిత్రాలను మాల్దీవుల పరిశోధకులకు పంపారు.

ఒడిశా సరిహద్దును ఆనుకొన్న శ్రీకాకుళం మత్స్యకార కుటుంబాలకు వేరావల్ కొత్త ఊరు కాదు. ఏటా అక్కడి పడవల మీద పనికి వలస వెళ్లేవారు ఎందరో. 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో విడుదలైన ఉత్తరాంధ్ర జాలరులూ ఆ పడవలవారే. వలలో తిమింగల సొర కనబడితే వలను కోసి వదలాలి. వదిలే ముందు వీలైతే ఎడమ ప్రక్కన, చివరి మొప్ప చీలిక వెనుకనున్న చుక్కలు కనబడేలా ఒక ఫోటో తీయాలి. పోల్చి చూచుటకు పరిశోధకులు ప్రధానంగా కోరేది ఆ భాగాన్నే.