పంది కడుపు చెప్పిన కబురు

తిండి పడగానే కడుపులో ఆమ్లం ఊరుతుంది. ఊరమని చెప్పేదెవరు? నరాలే అన్నాడు రష్యాలో పావ్లోవ్ అనే శాస్త్రవేత్త. ఆ రోజుల్లో ఆ మాటకు, పేగులోకి క్లోమం వదిలే జీర్ణరసం విషయంలోనూ, ఎదురులేదు.

1902లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క పేగుముక్కకు నరాలు తెంచేసి అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమరసం కారింది. పేగు లోపలి పొరను ఆమ్లంతో నూరి, వడకట్టి నెత్తురులోకి ఎక్కించినా కారింది. అంటే కబురు నెత్తుటి దారిన కూడా పోతోందన్నమాట. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఈ కోవలోని వాటన్నిటినీ హార్మోన్లు అనడం 1905లో స్టార్లింగ్‌తోనే మొదలైంది.

అదే ఏడు ఎడ్కిన్స్ అనే శాస్త్రవేత్త, కడుపులో ఆమ్లాన్ని ఊరించేది కడుపు చివరి భాగంలోనే పుడుతుందన్నాడు. దాన్ని గ్యాస్ట్రిన్ అన్నాడు. తీరా హిస్టమిన్ కూడా అదే పని చేస్తుందని తేలేసరికి, ఎడ్కిన్స్ చూసింది దాన్నేనని చాలామంది కొట్టిపారేశారు. ఆయన మాట పూర్తిగా నిలబడింది 1964లో. లివర్‌పూల్‌లో గ్రెగరీ, ట్రేసీ పంది కడుపుల పొరల నుంచి గ్యాస్ట్రిన్‌ను శుద్ధిగా వేరుచేశారు. 17 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. చూడడానికి ఎడ్కిన్స్ లేడు.

పందే ఎందుకంటే, కబేళాల్లో దాని కడుపులు, పేగులు దండిగా దొరుకుతాయి. స్టాక్‌హోమ్‌లో యోర్పెస్, మట్ కూడా పంది పేగులనే పట్టుకున్నారు. పిత్తాశయాన్ని ముడిచే కొలిసిస్టోకైనిన్ 1928 నుంచీ, క్లోమం చేత ఎంజైములు విడిపించే పాంక్రియోజైమిన్ 1943 నుంచీ వేర్వేరుగా చలామణీలో ఉన్నాయి. రెండూ ఒకటేనని వీళ్లు తేల్చారు. ఒకే మనిషికి రెండు రేషన్ కార్డులన్నమాట! కొవ్వు పేగులోకి దిగగానే ఈ హార్మోను కడుపును నెమ్మదించమంటుంది.

ఇంతా చేసి, ఈ కబుర్లకు పందిపిల్ల కడుపు పెద్దదానిలా పలకదు. పుట్టిన కొత్తలో అందులో ఊరే ఆమ్లం తక్కువ. ముర్రుపాలలోని రక్షక ప్రొటీన్లు చెడకుండా పేగు చేరడానికి అదీ మంచిదే. పాలలోని లాక్టోజును సూక్ష్మజీవులు పులియబెడితే వచ్చే లాక్టిక్ ఆమ్లమే అప్పటికి కాపలా. అది ఉన్నంతసేపు సొంత ఆమ్లం పెద్దగా ఊరదు.

చిక్కంతా పాలు మాన్పించాకే. తల్లి దగ్గరే వదిలేస్తే నెలల తరబడి పాలు తాగే పిల్లను ఫారాల్లో 3, 4 వారాలకే దాణాకు మళ్లిస్తారు. లాక్టోజు తగ్గిపోతుంది. గ్యాస్ట్రిన్ ఎంత పిలిచినా ఆమ్లాన్ని ఊరించే కణాల బలం ఇంకా చాలదు. పైగా దాణాలోని సున్నపురాయి పొడి ఉన్న కాస్త ఆమ్లాన్నీ విరిచేస్తుంది. ఇ.కోలి బ్యాక్టీరియా చెలరేగి పిల్లలు పారుకుంటాయి. అందుకే దాణాలో ఫార్మిక్, సిట్రిక్ ఆమ్లాలు కలుపుతారు. ఐరోపాలో చాలాకాలం జింక్ ఆక్సైడ్‌ను మందు మోతాదులో వేసి నెట్టుకొచ్చారు. పెంటతో నేలలో జింక్ పేరుకుంటోందని 2022 జూన్ నుంచి ఐరోపా సమాఖ్య ఆ మోతాదును ఆపేసింది.